సోమలింగం తల్లి కన్న కల

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అనే సామెతని మనం ఎప్పుడూ తొందరపాటుని ఎగతాళి చెయ్యడానికే వాడతాం. టికెట్టు కొనకుండానే లాటరీ సొమ్ము పంచేవాణ్ణి, చెరువులో రొయ్యపిల్ల వదలకముందే కారు బేరమాడేవాణ్ణి ఈ ఒక్క మాటతో కూర్చోబెడతాం. నవ్వంతా కొడుకు పేరు దగ్గర పుడుతుంది. ఆలు దగ్గర ఎవరూ ఆగరు. నిజానికి ఆ కలకి అందరికంటే ముందు కావలసిన మనిషి ఆమె. ఇంకా పుట్టని కొడుక్కి పేరు దొరికింది గాని, వాణ్ణి కనవలసిన ఆమెకి పేరు లేదు. హఠాత్తుగా వచ్చిపడే డబ్బు గురించి సాహిత్యం కన్న పగటికలలన్నిటినీ ఈ పేరులేని ఆడమనిషి వైపు నుంచి ఒకసారి చదివి చూద్దామన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ సామెతకి దగ్గరి చుట్టం పంచతంత్రంలో, అయిదో తంత్రమైన అపరీక్షితకారకంలో ఉంది. ఒక పేద బ్రాహ్మణుడు యాచించి తెచ్చుకున్న పేలపిండి కుండని గోడకున్న కొయ్యకి వేలాడదీసి, దాని కిందే మంచం వేసుకుని పడుకుంటాడు. కరువొస్తే ఈ పిండి నూరు రూకలకి అమ్ముడుపోతుంది, దాంతో రెండు మేకలు, మేకలమీద ఆవులు, ఆవులమీద గేదెలు, గేదెలమీద గుర్రాలు, ఆపైన బంగారం, నాలుగు లోగిళ్ళ ఇల్లు. ఆ ఇల్లు చూసి ఎవరో పిల్లనిస్తారు. కొడుకు పుడతాడు, సోమశర్మ అని పేరు పెడతాడు. పిల్లాడు పాక్కుంటూ గుర్రాల కాళ్ళ దగ్గరికి వస్తుంటే, వాణ్ణి ఎత్తుకోమని భార్యని కేకేస్తాడు. ఆమె ఇంటిపనిలో ఉండి వినిపించుకోదు. లేచి ఒక్క తన్ను తంతాడు. కుండ పగిలి పిండి ఒళ్ళంతా పడుతుంది.

ఈ కథకి మనకి చిన్నప్పుడు చెప్పే నీతి, రానిదాన్ని నమ్ముకోవద్దని. కథ చెప్పే పెద్దలెవరూ ఆ తన్ను గురించి మాట్లాడరు. కలలో ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు కదా, ఆ స్వేచ్ఛతో అతను చేసిన చివరి పని అది. డబ్బొచ్చాక మేకలు, ఆవులు, గుర్రాలు, ఇల్లు, భార్య అనే వరసలో ఆమె వచ్చింది. గుర్రాలొచ్చినా, బంగారమొచ్చినా ఆమెకి ఇంటిపని తప్పలేదు. ఇంకొకడి కలలో కూడా ఆమెకి తీరిక లేదు. హితోపదేశంలోని సంధి భాగంలో ఇదే కథ కొంచెం మారింది. అక్కడ దేవశర్మ కుమ్మరివాడి కొట్టంలో పడుకుని నలుగుర్ని పెళ్ళాడినట్టు, అందులో అందగత్తె మీద ఎక్కువ ప్రేమ చూపినట్టు, సవతులు కొట్లాడుకుంటే కర్ర తీసుకున్నట్టు కలగంటాడు. అక్కడ పగిలినవి కుమ్మరివాడి కుండలు కూడా.

ఈ కథ దేశాలు దాటి వెళ్ళిన దారిని మాక్స్ ముల్లర్ 1870లో ఒక వ్యాసంలో వివరించాడు. యూరప్ చేరేసరికి బ్రాహ్మణుడి కల ఒక పల్లెపడుచు నెత్తిమీదికి ఎక్కింది. 17వ శతాబ్దపు ఫ్రెంచి కవి లా ఫాంతెన్ కథలో పెరెత్ అనే ఆమె పాలకుండ పెట్టుకుని అమ్మకానికి పోతూ గుడ్లు, కోడిపిల్లలు, పందిపిల్ల, ఆవు, దూడ అని లెక్కలు వేసుకుని, దూడ గంతులు తలుచుకుని తనూ ఒక గంతు వేస్తుంది. పాలు నేలపాలు. ఆ తర్వాత ఆమె మొగుడి దగ్గరికి క్షమాపణ చెప్పుకోవడానికి వెళుతుంది, దెబ్బలు పడతాయన్న భయంతో. కల కన్నవాడు మగవాడైనప్పుడు ఆడదాన్ని కలలో తన్నాడు. కల కన్నది ఆడదైనప్పుడు దెబ్బల భయం నిజంలో ఎదురైంది. ఇన్ని దేశాలు తిరిగి, ఇన్ని భాషలు మారిన కథలో మారకుండా మిగిలింది ఇదొక్కటే.

సృజనకీ పగటికలకీ ఉన్న సంబంధం గురించి ఫ్రాయిడ్ రాసిన ప్రసిద్ధ వ్యాసం 1908లో అచ్చయింది. యువతుల ఊహల్లో ప్రేమకి సంబంధించిన కోరికలే దాదాపు పూర్తిగా నిండి ఉంటాయనీ, యువకుల్లో స్వార్థం, పైకి రావాలన్న ఆశ ప్రముఖంగా కనిపిస్తాయనీ అక్కడ ఆయన అంటాడు. అందులో ఆయన ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఉద్యోగం వెతుక్కుంటూ పోతున్న ఒక పేద అనాథ కుర్రవాడు, యజమాని తనని మెచ్చి, ఇంట్లో చేర్చుకుని, కూతుర్నిచ్చి పెళ్ళిచేసి, వ్యాపారంలో వాటా ఇచ్చినట్టు ఊహించుకుంటాడు. ఇల్లు, వ్యాపారం, పిల్ల. వరస మనకి తెలిసిందే. ఆ యజమాని కూతురు ఆ పూట కిటికీ దగ్గర కూర్చుని ఏం ఊహించుకుంటోందో ఫ్రాయిడ్‌కీ అవసరం పడలేదు.

ఆ అవసరం ఒక్క క్షణంపాటు పడినవాడు చెహోవ్. 1887లో రాసిన లాటరీ టికెట్టు కథ మనలో చాలామంది చదివే ఉంటారు. ఏడాదికి 1,200 రూబుళ్ళ ఆదాయంతో తృప్తిగా బతికే ఇవాన్ ద్మీత్రిచ్ రాత్రి భోజనం చేసి పేపరు చూస్తుంటే, తన టికెట్టు నంబరు వచ్చిందేమో చూడమని భార్య అడుగుతుంది. వరస సంఖ్య 9499 కలుస్తుంది. లోపలి నంబరు 26 కలిసిందో లేదో చూడకుండా ఇద్దరూ కాసేపు ఆశ రుచి చూడాలనుకుంటారు. బహుమతి 75 వేలు. అతను పొలం కొంటాడు, ఎండలో పడుకుంటాడు, స్నానానికి వెళతాడు, విదేశాలకి బయల్దేరతాడు. అక్కడ భార్య అడ్డొస్తుంది. రైల్లో పక్కన ఈవిడ మూటలు, లెక్కలు, సణుగుడు. మొదటిసారిగా ఆమె వయసు మళ్ళిందనీ, వంటింటి వాసన వేస్తోందనీ అతనికి తోస్తుంది. ఆమె చుట్టాలందరూ వచ్చి వాలతారనిపిస్తుంది. ప్రేమగా మొదలైన కల కాసేపట్లో ద్వేషంగా మారుతుంది. చివరికి నంబరు 46 అని తేలి, ఆ ఇల్లే ఇరుకైపోతుంది.

ఈ కథని డబ్బాశ మనిషిని ఎలా పాడుచేస్తుందో చెప్పే కథగా పాఠాలు చెప్పుకుంటూ వచ్చాం. నేను కూడా తరగతిలో అలాగే విన్నాను. కాని ఈ కథలో కేంద్రం లాంటి ఒక చిన్న వాస్తవం ఉంది. టికెట్టు మాషాది. ఆమె కొనుక్కున్నది. అతను ఆమె టికెట్టుతో పొలం కొని, ఆమె డబ్బుతో ఊళ్ళు తిరుగుతూ, ఆమె తనకి డబ్బు లెక్కపెట్టి ఇస్తుందేమోనని మండిపడతాడు. ఆమెకీ తనవైన కలలున్నాయనీ, భర్త ఏం ఊహిస్తున్నాడో ఆమెకి పూర్తిగా అర్థమైందనీ చెహోవ్ చెప్పాడు, కాని క్లుప్తంగా తేల్చేశాడు. అతని కలకి పేజీలు, ఆమె కలకి ఒకటి రెండు వాక్యాలు. మాషా ఏం కొనుక్కుందో, ఎక్కడికి వెళ్ళిందో, ఎవర్ని వదిలేసి వెళ్ళిందో మనకి తెలీదు. చెహోవ్ అంత నిశితమైన రచయిత కూడా టికెట్టు సొంతదారు బుర్రలోకి వెళ్ళకుండా గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

ఇది రష్యా కథ, పాతకాలపు మాట అనుకోవడానికి వీల్లేదు. 2019 ఆగస్టులో నిజామాబాద్ జిల్లా రైతు ఒకాయనకి అబూధాబీ లాటరీలో కోటిన్నర దిర్హమ్‌లు, మన లెక్కలో 28 కోట్ల పైచిలుకు తగిలాయి. గల్ఫ్‌లో పని దొరక్క ఇంటికొచ్చేసిన మనిషి. భార్య దగ్గర 20 వేలు తీసుకుని అక్కడున్న స్నేహితుడి చేత టికెట్లు కొనిపించాడు. పత్రికలన్నీ ఈ సంగతిని ముచ్చటగా రాశాయి. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుంటే తప్ప పూటగడవని ఇళ్ళలో 20 వేలు వెనకేయడానికి ఒక ఆడమనిషికి ఎన్నేళ్ళు పడుతుందో ఆ ముచ్చట్లో భాగం కాలేదు. 2022లో కేరళ ఓణం బంపరు 25 కోట్లు గెలిచిన తిరువనంతపురం ఆటోడ్రైవరు టికెట్టుకి తక్కువైన డబ్బుకోసం కొడుకు డిబ్బీ పగలగొట్టాడు. అదృష్టానికి పెట్టుబడి పెట్టినవాళ్ళు వార్తలో అలంకారంగా మిగిలిపోయారు. ఆ మగవాళ్ళని తప్పుపట్టడం కాదు నా ఉద్దేశం. వాళ్ళ ప్రేమలో నాకు అనుమానం లేదు. "ఈ డబ్బుతో ఏం చేస్తారు?" అనే ప్రశ్న ఎవరి ముందు మైకు పెట్టి అడుగుతున్నారన్నదే నా బాధ.

ఆ ప్రశ్న తెలుగునాట ఇంటింటికీ వచ్చింది టీవీ ద్వారా. 2014లో నాగార్జునతో మొదలైన "మీలో ఎవరు కోటీశ్వరుడు", 2017లో నాలుగో విడతకి చిరంజీవి చేతికి వచ్చింది. అది లాటరీ కాదు, తెలివికి పోటీ. కాని గెలిస్తే ఏం చేస్తారన్న కల మాత్రం లాటరీదే. ఈ పేరులో ఉన్న "కోటీశ్వరుడు" ఏకవచనం, పుంలింగం. తెలుగు వ్యాకరణంలో ఒక విచిత్రం ఉందని మనకి తెలుసు. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, బండి వచ్చింది. ఏకవచనంలో ఆడమనిషి క్రియ బండితో కలుస్తుంది. బహువచనంలో మాత్రం వచ్చారు అని మనుషుల్లో కలుస్తుంది. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువుతోటి, గుంపులో ఉన్నప్పుడు మనిషితోటి. 2021లో కార్యక్రమం వేరే చానల్‌కి వెళ్ళి "ఎవరు మీలో కోటీశ్వరులు" అయింది. బహువచనం రాగానే ఆడవాళ్ళకీ పేరులో చోటు దొరికింది. తమిళంలో 2019 చివర్లో ఏకంగా ఆడవాళ్ళ కోసమే రాధిక నిర్వహించిన "కోడీశ్వరి" వచ్చింది. అందులో మొదటి కోటి గెలిచినది వినికిడి, మాట లేని మదురై యువతి. మన భాషలో "కోటీశ్వరురాలు" అని ఒకసారి పైకి అనిచూడండి. నోటికి అలవాటు లేని మాట. అదే సిరి ఇచ్చే దేవతకైతే ధనలక్ష్మి, భాగ్యలక్ష్మి అని ఎన్ని పేర్లో. కేరళ ప్రభుత్వం ఒక వారపు లాటరీకి "స్త్రీశక్తి" అనే పేరు పెట్టింది. ఇచ్చేది ఆడది, పుచ్చుకునేవాడు మగవాడు అన్న పొందిక అంత గట్టిది.

చిరంజీవి పుట్టింది పశ్చిమగోదావరి జిల్లా మొగల్తూరులో. కృష్ణంరాజు ఊరూ అదే. అది మా అమ్మ పుట్టిల్లు కూడా. ఒక ఊరినుంచి ఇద్దరు వెండితెరకి ఎక్కితే ఆ ఊరి మగపిల్లల కలలకి ఆకాశమే హద్దు. సంక్రాంతికి కోడిపందేలు, మిగతా కాలం రొయ్యల చెరువులు. చెరువు కలిసొస్తే మేడ, తెగులొస్తే అప్పు. అక్కడ మగవాడి జీవితంలో అదృష్టానికి ఒక గౌరవప్రదమైన స్థానముంది. ఆడవాళ్ళకి దాని బదులు పొదుపు ఉంది. పొదుపు సంఘాలు మనవాళ్ళకి ఎంతో ఇచ్చాయి, కాదనను. కాని ఒకరికి పందెం, మరొకరికి పొదుపు అన్న పంపకం ఎవరు చేశారో అడగాలి.

మొగల్తూరు పక్కనే నర్సాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటా ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని లేసులు అల్లుతారు. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని. ఏజెంటు దారం ఇస్తాడు, వీళ్ళు అల్లి ఇస్తారు, సరుకు విదేశాలకి పోతుంది. మరియా మీస్ 1982లో అచ్చయిన తన పుస్తకంలో ఈ నర్సాపురం లేసు పనివాళ్ళ గురించి రాసి ప్రపంచానికి చెప్పిన సంగతి ఏమిటంటే, రోజుకి గంటలకి గంటలు ఎగుమతి సరుకు తయారుచేస్తున్న ఈ ఆడవాళ్ళని అందరూ, తమతో సహా, ఖాళీగా ఇంట్లో కూర్చునే ఇల్లాళ్ళనే అనుకుంటారని. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లిన చేతులకి గుర్తింపు ఎప్పుడొస్తుందో.

లేసు అల్లికలో చేతులకీ కళ్ళకీ పని ఉంటుంది గాని బుర్రకి ఉండదు. ఏళ్ళ అలవాటు మీద సూది దానంతటది తిరుగుతుంది. అందుకే పగటికలకి ఇంతకంటే అనువైన పని లేదు. ఈ వ్యాసం ఆలోచనలో ఉన్నప్పుడు మా పెద్దమ్మ వాళ్ళ అరుగుమీద ఆరేడుగురు ఆడవాళ్ళని నేను ఇదే ప్రశ్న అడిగాను. ఆంధ్రప్రదేశ్‌లో లాటరీ టికెట్లు అమ్మరు, కాబట్టి ఇది ఉత్త ఊహే. జవాబులు టకటకా వచ్చాయి. "ముందు అప్పులు తీర్చేత్తాం." "పిల్లదాని పెళ్ళి జేత్తాం." "చెరువు మీద పోయింది ఆయనకి సర్దేత్తాను." కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన కూతుర్ని వెనక్కి రప్పిస్తానంది ఒకావిడ. అన్నిటిలోనూ కర్త తనే, ఫలం ఇంకొకరికి. మరి నీకో ఒదినా అని రెండోసారి అడిగితే నవ్వు, ఆ తర్వాత నిశ్శబ్దం. "నాకేం కావాలమ్మా, ఆళ్ళు బాగుంటే నేను బాగున్నట్టే."

అప్పటిదాకా తలెత్తకుండా అల్లుతున్న ఒక పెద్దావిడ మాత్రం, "నాకు తగిలితే తగిలినట్టు ఎవరికీ చెప్పను" అంది. చెప్పకుండా ఖర్చెలా పెడతావని మిగతావాళ్ళు నవ్వారు. "ఖర్చెట్టను. ఉందని నాకు తెలిత్తే సాలు."

మాషా బుర్రలోకి చెహోవ్ తీసుకెళ్ళని చోటుకి ఈ మాట నన్ను తీసుకెళ్ళింది. ఆడదానికి డబ్బొస్తే మొదట చెయ్యవలసిన పని దాచుకోవడం. ఖర్చుపెడితే కనిపిస్తుంది, కనిపిస్తే పోతుంది. మన వంటిళ్ళలో పోపుల డబ్బాలు, బియ్యం డబ్బాలు ఈ జ్ఞానంతోనే నిండాయి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దయినప్పుడు ఎన్నో ఇళ్ళలో ఆ డబ్బాలు మగవాళ్ళ ముందు తెరవాల్సివచ్చింది. నల్లధనం లెక్కల్లో ఎక్కడా చేరని నష్టం అది. ఎన్నేళ్ళదో ఒక రహస్యం, అవసరమైతే వెళ్ళిపోగలనన్న ధీమా, ఒక్క రాత్రిలో ఇంటి ఉమ్మడి సొమ్మయిపోయింది. ఆ పెద్దావిడ కల కోరింది వస్తువులని కాదు, ఆ ధీమాని.

ఇప్పుడు మన రచయిత్రుల వైపు చూద్దాం. భండారు అచ్చమాంబ 1902లో రాసిన "ధనత్రయోదశి"లో పండగపూట భర్త తప్పుదారిన తెచ్చిన డబ్బుని భార్య ముట్టుకోదు, తిరిగి ఇచ్చేదాకా ఊరుకోదు. ఆ నిజాయితీకి బహుమానం దక్కుతుంది. ఆడదానికి బుద్ధి చెప్పే హక్కే లేని రోజుల్లో భర్తకి బుద్ధిచెప్పిన ఇల్లాలిని సృష్టించడం చిన్న సాహసం కాదు. అయితే ఆమె డబ్బుని కాదనగలిగినందుకే గొప్పదైంది. కావాలని అనుకుని ఉంటే కథ ఆమెని క్షమించేదా? చాలాకాలం తర్వాత పి. సత్యవతి "ఇల్లలకగానే..." కథలో, ఏ లాటరీ కలలోనైనా మొదటి వరసలో ఉండే ఇల్లు దొరికాక ఏమవుతుందో చూపించారు. ఆ ఇల్లు అలికి అలికి ఇల్లాలు తన పేరే మర్చిపోయింది. సోమలింగం తల్లికి పేరెందుకు లేదో చెప్పిన కథ అది.

డబ్బు తగిలిన ఆడదాని గురించి భయపడకుండా రాసినది వర్జీనియా వుల్ఫ్. 1929 నాటి "ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్"లో కథకురాలికి, బొంబాయిలో గుర్రంమీంచి పడి చనిపోయిన మేనత్త ఏటా 500 పౌండ్లు వచ్చేలా రాసిపెడుతుంది. అంతకుముందు ఆమె కవర్లమీద చిరునామాలు రాసి, ముసలమ్మలకి పుస్తకాలు చదివిపెట్టి, కాగితం పూలలాంటివి చేసి బతికింది. డబ్బొచ్చాక ఆమె నగలు కొనలేదు. మెల్లమెల్లగా భయం పోయింది, చేదు పోయింది. ఓటు హక్కుకంటే ఆ డబ్బే తనకి ముఖ్యమనిపించిందని నిస్సంకోచంగా చెప్పుకుంది. అయితే ఆ గుర్రం తిరిగిన నేల బొంబాయి అన్న సంగతి మనం మర్చిపోకూడదు. లండన్‌లో ఒక ఆడమనిషి కృత్రిమ పూలు చెయ్యడం మానేసి రాసుకోవడానికి కూర్చున్న రోజుల్లో, నర్సాపురం దగ్గర మరొక ఆడమనిషి పరాయిదేశపు బల్లలమీదికి లేసు పూలు అల్లుతూనే ఉంది. ఒక ఆడదాని గదికి ఇంకో ఆడదాని శ్రమ గోడ అవుతుందేమోనన్న ప్రశ్న స్త్రీవాదం వదిలెయ్యకూడనిది.

ఇదంతా లాటరీని సమర్థించడమా అని అడిగేవాళ్ళుంటారు. కాదు. మగవాడి కూలి ఇంటికి చేరకుండా సారా దుకాణంలో ఆగిపోతుంటే 1992లో దూబగుంట ఆడవాళ్ళు ఏం చేశారో మనకి తెలుసు. పేదవాడి ఆశమీద నడిచే ఏ వ్యాపారానికీ మనం వకాల్తా పుచ్చుకోనక్కర్లేదు. కాని వ్యాపారం వేరు, కల వేరు. టికెట్టు అక్కర్లేకుండా కనే ఆ కలలోనే ఒక ఆడది తన జీవితంలో ఏది తక్కువైందో పైకి అనగలుగుతుంది, అదీ రెండోసారి అడిగితే.

మన విమర్శ కూడా త్యాగం చేసినవాళ్ళని, తిరగబడినవాళ్ళని గుర్తుపట్టినంత త్వరగా, నాకూ కావాలి అనుకున్నవాళ్ళని గుర్తుపట్టలేదని నాకనిపిస్తుంది. ఆశపడిన ఆడది మన కథల్లో ఎక్కువగా గయ్యాళిగానో, నగలపిచ్చిదిగానో, మొగుణ్ణి అప్పులపాలు చేసినదానిగానో కనిపిస్తుంది. ఆ పాత్రలని మళ్ళీ చదవాల్సిన అవసరం ఉంది. వాళ్ళు అడిగిన వడ్డాణం వెనక ఏ భయముందో, ఏ ధీమా కోసం బంగారం మీద చెయ్యి వేశారో చూడాలి. రాసేవాళ్ళకి ఇంకో పని మిగిలే ఉంది. తెలుగులో మాషా కథ ఇంకా రాయాలి. నంబరు కలిసిందో లేదో తెలియని ఆ కొద్ది నిమిషాల్లో ఆమె ఎక్కడెక్కడికి వెళ్ళివచ్చిందో, వెళ్ళేటప్పుడు పిల్లల్ని ఎవరికి అప్పగించిందో, ఎవరినీ అడక్కుండా తలుపు ఎలా దాటిందో రాయాలి. అప్పుడు సామెతలో సోమలింగం సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు వాళ్ళమ్మ పేరేమిటో తెలుస్తుంది.